పచ్చరంగు కింద ఏముందో చూశాకే

చెక్కపని: మీ ప్రశ్నలు, మాస్టారి జవాబులు

ప్రశ్న: మాస్టారూ, నమస్కారం. మాది కావలి. మా అవ్వ కాపురానికి వచ్చినప్పుడు తెచ్చుకున్న చెక్కబీరువా ఒకటి మా ఇంట్లో ఉంది. మనిషెత్తు ఉంటుంది. రెండు తలుపులు, కింద ఒక సొరుగు, పైన పూలు చెక్కిన అంచు. 1989 నవంబరు తుపానుకు ఇంటి పైకప్పు లేచిపోయినప్పుడు బాగా తడిసిందట. ఆ తర్వాతి వేసవిలో తాత దానికి పచ్చ ఎనామిల్ వేయించాడు. ఇప్పుడా రంగు పెచ్చులుగా లేస్తోంది. ఒకచోట గోటితో గీకితే కింద మీగడ రంగు, దాని కింద నీలం కనబడ్డాయి. వడ్రంగిని పిలిస్తే "కాస్టిక్ సోడా పోసి కడిగేస్తే గంటలో చెక్క బయటపడుతుంది" అన్నాడు. మా తమ్ముడేమో గ్రైండర్‌కి సాండ్‌పేపర్ చక్రం తగిలించి ఒక్క పూటలో లేపేస్తానంటున్నాడు. నాకు మాత్రం నా చేత్తో చేసుకోవాలని ఉంది. చెక్కపని ఏమీ రాదు. ఆదివారాలే ఖాళీ. ఇంట్లో నాలుగేళ్ళ పాప ఉంది. ఎక్కడ మొదలుపెట్టమంటారు?

జవాబు: అమ్మా, ముందు ఆ ఇద్దరినీ ఆపండి. సోడా వద్దు, గ్రైండరూ వద్దు.

కాస్టిక్ సోడా రంగును తినేస్తుంది, నిజమే. కానీ అంతటితో ఊరుకోదు. టేకు మీద పడితే చెక్క నల్లబడిపోతుంది. మీ అవ్వగారి కాలంలో కీళ్ళకు తోలు, ఎముకలు కాచి తీసిన బంక వాడేవాళ్ళు. అది నీటికి, వేడికి మెత్తబడే బంక. సోడానీళ్ళు కీళ్ళలోకి దిగితే పట్టు వదిలేసి తలుపు చట్రం ఊగిపోతుంది. పైగా ఎంత కడిగినా కొంత సోడా చెక్క రంధ్రాల్లో మిగిలిపోయి, మీరు కష్టపడి వేసిన కొత్త రంగును కొన్నాళ్ళకు కింది నుంచి లేపేస్తుంది. ఇక గ్రైండర్. ఆ చక్రం ఒక్క క్షణం ఎక్కువ ఆగినచోట గుంట పడుతుంది. పైన చెక్కిన పూల దగ్గరికి వెళితే రేకుల అంచులు అరిగిపోతాయి. అవి పోయాక వాటిని వెనక్కి తేవడం ఎవరి తరమూ కాదు.

వీటన్నిటికన్నా పెద్ద కారణం మీ పాప. ఇళ్ళకు వాడే రంగుల్లో సీసం పది లక్షల పాళ్ళకు 90 పాళ్ళు మించకూడదని మన దేశంలో 2016లో నిబంధన తెచ్చారు. అది అమల్లోకి వచ్చింది 2017 నవంబరు 1న. మీ తాతగారు పచ్చరంగు వేయించింది అంతకు పాతికేళ్ళకు పైగా ముందు. ఆ రోజుల్లో ఎనామిల్ పచ్చ చాలావరకు సీసపు పసుపులో నీలం కలిపి తయారుచేసిందే. రంగు త్వరగా ఆరడానికి కలిపే మందులో సీసం ఉండేది, చెక్కకు మొదట పూసే గులాబిరంగు ప్రైమర్‌లోనూ ఉండేది. కాబట్టి మీ బీరువా రంగులో సీసం ఉందనే అనుకుని పనిలోకి దిగండి. సీసం పిల్లల మెదడు ఎదుగుదలను దెబ్బతీస్తుంది. ఇంతవరకైతే ఫర్వాలేదు అనే లెక్క దానికి లేదు. గ్రైండర్ ఆ సీసాన్ని పిండిలా చేసి ఇల్లంతా చల్లుతుంది. బ్లో ల్యాంపుతో కాల్చి గీకడం మరీ ప్రమాదం, ఎందుకంటే సీసం పొగలో కలిసి నేరుగా ఊపిరితిత్తుల్లోకి వెళుతుంది.

దీనికి బీరువాను వదిలేసుకోనక్కర్లేదు, టెన్షన్ పడనక్కర్లేదు. దుమ్ము లేవకుండా చేస్తే చాలు. బీరువాను వసారాలోకో పెరట్లోకో మార్చండి. కింద మందపాటి పాలిథీన్ పట్టా పరవండి. రుద్దేటప్పుడు ఎప్పుడూ తడిమీదే రుద్దాలి. దానికి వాటర్ పేపర్ అని నల్లటి కాగితం వేరే దొరుకుతుంది, మామూలు ఉప్పుకాగితం తడిస్తే చిరిగిపోతుంది. ఎన్-95 మాస్కు పెట్టుకోండి. పని అయ్యాక చీపురుతో ఊడవకండి, తడిగుడ్డతో ఎత్తండి. పెచ్చులన్నీ పట్టాలోనే మూటకట్టి పారేయండి. వాటిని పొయ్యిలో వేయడం, చెట్టు మొదట్లో పోయడం చేయకూడదు. ఆ బట్టలు విడిగా ఉతుక్కుని, స్నానం చేశాకే పాపను ఎత్తుకోండి. పని జరిగే రోజు పాప ఆ ఛాయలకు రాకుండా చూసుకోండి.

ఇప్పుడు అసలు సంగతికి వద్దాం. మొదటి ఆదివారం ఏమీ తీయకండి, చూడటానికే కేటాయించండి. పాత బీరువాలు బాగుచేయాలనుకునే కొత్తవాళ్ళలో చాలామంది ఈ మెట్టు దాటేస్తారు. నాకు ఎక్కువ బాధ కలిగించేది అదే.

రాలిన పచ్చ పెచ్చు ఒకటి తీసుకుని వెనక్కి తిప్పి చూడండి. వెనకవైపు శుభ్రంగా, నున్నగా ఉంటే పచ్చరంగు మీగడ రంగును అసలు పట్టుకోలేదన్నమాట. అప్పట్లో ఆ నునుపును రుద్దకుండా పైనుంచి పూసేసి ఉంటారు. అలాంటప్పుడు మందులేవీ అక్కర్లేదు. కాస్త నీళ్ళు చిలకరించి ప్లాస్టిక్ గీకుడు బిళ్ళ పెట్టి తోస్తే చాలా భాగం దానంతటదే ఊడి వస్తుంది. అలా కాకుండా పెచ్చు వెనక మీగడ రంగు, నీలం, ప్రైమర్ అన్నీ అంటుకుని వచ్చి కింద ఉత్త చెక్క కనబడుతుంటే, తేమ చెక్కలోంచి రంగును తోస్తోందని అర్థం. తుపానుకు తడిసిన బీరువా కాబట్టి ఇది ముఖ్యం. అలాంటి చోట సన్నటి మొలతో పొడిచి చూడండి. గట్టిగా తగిలితే మంచిది. మెత్తగా దిగబడితే లోపల చెక్క చివికింది. రంగు సంగతి తర్వాత, ముందు ఆ చెక్క సంగతి చూడాలి. వెనక పలకలు, కాళ్ళ అడుగుభాగం, సొరుగు కింద తప్పకుండా పొడిచి చూడండి.

తర్వాత తలుపు లోపలివైపు, బందు పక్కన, ఎవరికంటా పడని చోటు చూసుకోండి. 400 నంబరు వాటర్ పేపర్‌ను వేలికి చుట్టి తడిపి, రూపాయి బిళ్ళంత మేర గుండ్రంగా, నడిమధ్యలో ఎక్కువ, అంచుల్లో తక్కువ రుద్దండి. నిదానంగా చేయండి. కాసేపటికి ఒక్కొక్క పొరా ఒక్కొక్క వలయంలా బయటపడుతుంది. బయట పచ్చ, లోపల మీగడ, ఇంకా లోపల నీలం, మధ్యలో చెక్క. తుడిచి, ఆరాక, మంచి వెలుతురులో భూతద్దంతో చూడండి. మీరు చూడాల్సింది నీలానికి, చెక్కకు మధ్యన ఏముందన్నది.

అక్కడ తెల్లటి లప్పమో గులాబి ప్రైమరో ఉండి, అది చెక్క గీతల్లోకి దిగిపోయి ఉంటే, ఆ బీరువాకు పుట్టినప్పటి నుంచీ రంగే. వడ్రంగి రంగు వేయడానికే దాన్ని చేశాడు. అలాంటి బీరువాల్లో చట్రం టేకు పెట్టి, పలకలకు మామిడో వేపో, ఇంట్లో ఉన్న పాత దూలపు ముక్కో వాడేవాళ్ళు. రంగు వేస్తారు కదా, కనబడదు. ఇప్పుడు మీరు రంగంతా తీసేసి పాలిష్ పెడితే ఒక పలక ఎరుపు, ఒక పలక పసుపు, మధ్యలో మేకుల నల్ల మచ్చలు. పైగా టేకు గీతల్లోకి దిగిన తెల్ల లప్పాన్ని సూదితో పొడిచి తీసినా పూర్తిగా రాదు. చివరికి మళ్ళీ రంగు వేయాల్సిందే. అదే ఆ రెండింటి మధ్యన గోధుమరంగులో మెరిసే సన్నటి పొర కనబడితే అది పాలిష్. దాని మీద దూదితో స్పిరిట్ అద్దండి. జిగటగా కరిగి దూదికి అంటుకుంటే లక్క పాలిష్. అంటే ఒకప్పుడు చెక్క అందం చూపించడానికి చేసిన బీరువాకు తర్వాతెవరో రంగు కప్పారు. దాన్ని బయటికి తీయడంలో న్యాయం ఉంది, పని కూడా కొంత తేలిక. పాలిష్ అడ్డుగా ఉండబట్టి రంగు చెక్క లోపలికి దిగి ఉండదు.

రంగు బీరువా అనగానే చిన్నచూపు చూడకండి. ఆత్మకూరు వైపు ఒక ఇంట్లో నేను చూసిన బీరువాకు మూడు పొరల కింద లేత నీలం ఉంది. ప్రతి పలక చుట్టూ సన్నటి పసుపు గీత ఉంది. స్కేలు పెట్టి కొట్టింది కాదు, చేత్తో లాగింది. కుంచె నిండుగా ఉన్నచోట గీత లావుగా మొదలై, మూల దగ్గరికి వచ్చేసరికి వెంట్రుకంత అయిపోయి, మళ్ళీ రంగు ముంచుకున్నచోట చిన్న చుక్కతో మొదలవుతుంది. ఆ గీత లాగిన మనిషి ఎక్కడ ఊపిరి బిగబట్టాడో, ఎక్కడ వదిలాడో కూడా తెలిసిపోతుంది. ఆ ఇంటివాళ్ళు చెక్క చూడాలని ఒక తలుపు అప్పటికే మొత్తం గీకించేశారు. రెండో తలుపు మీద మాత్రమే ఆ గీత మిగిలింది. మీ బీరువాలో నీలం మీద ఏముందో, ఏమీ లేదో మనకు తెలియదు. తెలుసుకోకుండా తీయొద్దనే ఇంతగా చెబుతున్నాను.

నా సలహా అడిగితే, మొదటి నుంచీ రంగు బీరువాయే అని తేలితే నీలం దాకా వెళ్ళండి, నీలం దగ్గర ఆగండి. అది నూటికి డెబ్బై పాళ్ళు బాగుంటే అదే ఉంచేయండి. ఊడబోతున్న పెచ్చులుంటే సన్నటి కుంచెతో నీళ్ళు కలిపి పలచన చేసిన ఫెవికాల్‌ను పెచ్చు కిందికి పోనిచ్చి, పైన పాలిథీన్ ముక్క వేసి, చిన్న బరువు పెట్టి రాత్రంతా వదిలేయండి. రంగు పూర్తిగా పోయిన చోట్ల గుంట పూడ్చి, సరిపోయే నీలం ఆ గుంటవరకే వేయండి. పక్కనున్న పాత రంగు మీదికి రానివ్వకండి. రంగు కలిపేటప్పుడు తడిమీద చూసి సరిపోయిందనుకోవద్దు, ఒక అట్టముక్క మీద పూసి ఆరాక పక్కన పెట్టి చూడండి. ఆరితే ఎనామిల్ ఛాయ మారుతుంది. చివర తేనెమైనం ఒక పాలు, టర్పెంటైన్ మూడు పాళ్ళు కలిపి మెత్తని గుడ్డతో పలచగా రాసి, ఆరాక మెరుగు పెట్టండి. మైనాన్ని వేడినీళ్ళ గిన్నెలో పెట్టి కరిగించాలి. స్టవ్ ఆర్పేసి, గిన్నె దూరంగా తెచ్చుకున్నాకే టర్పెంటైన్ పోయాలి. మైనం ఆ సీసపు రంగు మీద పొరలా కూర్చుంటుంది, అయినా పాప చేయి తగిలే చోట్ల, అంటే తలుపు అంచులు, సొరుగు పిడి దగ్గర, మైనం రాయకుండా కొత్త ఎనామిల్ రెండు పూతలు వేయడమే మంచిది. రంగుల దుకాణంలో నీళ్ళు కలిపే ఎనామిల్ అడగండి, వాసన తక్కువ.

పాలిష్ బీరువా అని తేలితే రంగు తీయక తప్పదు. పెయింట్ రిమూవర్ అని గుజ్జులా ఉండేది దొరుకుతుంది. డబ్బా మీద డైక్లోరోమీథేన్ లేదా మిథిలిన్ క్లోరైడ్ అని ఉందేమో చదవండి. ఉంటే అది గదిలో వాడే సరుకు కాదు. ఆ ఆవిరి లోపలికి పోతే ఒంట్లో కార్బన్ మోనాక్సైడుగా మారి గుండె మీద భారం వేస్తుంది. ఎన్-95 మాస్కు దుమ్మును ఆపుతుందే గాని ఆ ఆవిరిని ఆపదు. చేతికి ఆసుపత్రి గ్లౌజులు పనికిరావు, ఆ రసాయనాన్ని ఆపే రకం మందపాటివి కావాలి. ఆ రసాయనం లేని రకం దొరికితే కొంచెం ఆలస్యమైనా అదే కొనుక్కోండి. ఆరుబయట, గాలి వీచే చోట, ఒక తలుపు పలక చొప్పున తీసుకోండి. గుజ్జును ఒక్కవైపుకే మందంగా పూసి వదిలేయాలి, గోడకు సున్నం కొట్టినట్టు అటూ ఇటూ కుంచె ఆడించకూడదు. పైన పాలిథీన్ కప్పితే ఆరిపోకుండా లోపలికి పనిచేస్తుంది. రంగు ముడతలు పడ్డాక ప్లాస్టిక్ బిళ్ళతో తోసేయండి. చెక్కిన పూలలో ఇనుప పనిముట్టు పెట్టొద్దు. వెదురు పుల్లను ఏటవాలుగా చెక్కుకుంటే రేకుల మధ్యలోంచి రంగు శుభ్రంగా వస్తుంది. పాత టూత్‌బ్రష్ చాలు. చదును పలకల మీద మిగిలినదాన్ని పాత వడ్రంగులు పగిలిన గాజుపెంకు అంచుతో గీకేవారు. అది చాలా బాగా పనిచేస్తుంది గాని మీకు వద్దు, చేతికి అలవాటు లేకపోతే కోసుకుంటుంది. గీకేందుకు పలచటి ఉక్కురేకు దొరుకుతుంది, అది కొనుక్కోండి.

ఎన్ని ఆదివారాలు పడుతుందని అడగకండి. ఒక తలుపు పూర్తయ్యాక రెండోది మొదలుపెట్టండి. సగం సగం అన్నీ విప్పి పెట్టుకుంటే బందులు ఒకచోట, మరలు ఒకచోట పోతాయి. ఏ తలుపు బందులు, మరలు ఆ తలుపుకే ఒక కవర్లో వేసి, పైన రాసి కట్టండి.

ప్రశ్న: మాది కోవూరు. 2021 నవంబరులో పెన్న వరద ఇంట్లోకి వచ్చినప్పుడు మా నాయన చేయించిన టేకు బీరువా మోకాలెత్తు నీళ్ళలో ఉండిపోయింది. అప్పటి నుంచీ షెడ్డులోనే ఉంది. కింద అడుగున్నర ఎత్తులో నీటిగీత, దాని కింద చెక్క బూడిదరంగు. మేకుల చుట్టూ నల్లటి మచ్చలు. కిందిపలక వంగిపోయింది. కొందరు అమ్మేయమంటున్నారు. పనికొస్తుందా?

జవాబు: పనికొస్తుంది బాబూ. టేకును ఒక వరద ఏమీ చేయలేదు. పాడైంది పైపొర, కీళ్ళలో బంక, ఇనుప మేకులు. ఇన్నాళ్ళు నీడలో ఆరడం దానికి మేలే చేసింది. తడిసిన చెక్కను ఎండలో పెట్టేస్తే బయట ముందే ఆరి, లోపల తడి మిగిలి, నిలువునా పగుళ్ళిస్తుంది. ఆ సంవత్సరం అలా పోగొట్టుకున్నవాళ్ళు పెన్న పక్క ఊళ్ళలో చాలామంది.

ముందు కీళ్ళలో, మూలల్లో ఎండిన ఒండ్రు అంతా పొడి కుంచెతో తీసేయండి. అది ఉంటే బంక పట్టదు. తర్వాత పాత పాలిష్ తీసి, నల్లమచ్చల సంగతి చూడండి. ఇనుప తుప్పు, టేకులో ఉండే వగరు కలిసి నల్లబడ్డ మచ్చ అది. ఎంత రుద్దినా పోదు, లోపలికి దిగి ఉంటుంది. దానికి ఆక్సాలిక్ ఆమ్లం వాడాలి. పొడిగా దొరుకుతుంది. ప్లాస్టిక్ మగ్గులో లీటరు గోరువెచ్చని నీళ్ళకు 50 గ్రాములు కలిపి, మచ్చ మీద మాత్రమే కాకుండా పలకంతా ఒకేలా పూయండి. లేకపోతే మచ్చ పోయినచోట తెల్ల మచ్చ మిగులుతుంది. కాసేపట్లో నలుపు తగ్గుతుంది. కావాలంటే ఆరాక మళ్ళీ ఒకసారి పూయండి. తర్వాత వంటసోడా కలిపిన నీళ్ళతో ఒకసారి, మంచినీళ్ళతో రెండు మూడుసార్లు తుడవాలి. ఆక్సాలిక్ ఆమ్లం విషం. గ్లౌజులు తప్పనిసరి, వంటింటి గిన్నెలు వాడొద్దు. ఆరాక చెక్క మీద తెల్లటి పలుకులు కనబడితే పొడిగా రుద్దకండి, మళ్ళీ తడిగుడ్డ పెట్టండి. ఆ పొడి గొంతుకు మంచిది కాదు.

ఊగుతున్న కీళ్ళను ఫెవికాల్ కారబోసి బిగించేయడం అందరూ చేసే పని. పాత బంక మీద కొత్త బంక అతకదు. కీలు విప్పి, పాత బంకను వేడినీళ్ళ గుడ్డతో మెత్తబరచి గీకి తీసేయాలి. టేకులో నూనె ఉంటుంది కాబట్టి అతికించేముందు థిన్నర్ గుడ్డతో తుడవాలి. కీలుకు చెక్క చీలో వెదురు చీలో కొట్టి ఉంటే దాన్ని వెనకనుంచి కొట్టి తీయండి, రంపంతో కోయకండి. వంగిన కిందిపలకను తిప్పి బోర్లా పెట్టి, పలుచోట్ల బరువులు వేసి కొన్ని వారాలు చూడండి. సగమైనా దారికి వస్తుంది. రాకపోతే ఆ ఒక్క పలకే మార్చండి. ప్లైవుడ్ పెట్టించమని ఎవరైనా అంటే ఒప్పుకోకండి. పాతిల్లు కూలగొట్టినప్పుడు అమ్మే టేకు పలకలు దొరుకుతాయి, అవి వెతకండి. అప్పటికే ఏళ్ళ తరబడి ఆరిన చెక్క కాబట్టి మీ బీరువాకు చక్కగా సరిపోతుంది.

ప్రశ్న: ఒంగోలులో ఉంటాము. మా అత్తగారి జాలీ అలమార ఉంది. పాలు, పెరుగు పెట్టేవాళ్ళట. చీమలు ఎక్కకుండా కాళ్ళు నీళ్ళ గిన్నెల్లో ఉంచడంతో నాలుగు కాళ్ళూ కింద పుచ్చిపోయాయి. పైన తెల్లరంగు బాగానే ఉంది. ఒక పక్క సన్నటి పొడి కూడా రాలుతోంది.

జవాబు: రెండు వేరు వేరు జబ్బులమ్మా. కాళ్ళు నీటికి చివికాయి. పొడి పురుగు వల్ల. పురుగు ఇంకా ఉందో, ఎప్పుడో పోయిందో తెలుసుకోవడానికి అలమార కింద నల్ల కాగితం పరిచి కొన్ని రోజులు కదపకుండా ఉంచండి. కొత్తగా పొడి రాలితే బతికే ఉంది. మట్టి గొట్టాలేవీ లేకుండా సన్నటి పొడి రాలుతోందంటే చెదలు కాకపోవచ్చు, చెక్కలోపల ఉండే పుచ్చుపురుగు కావచ్చు. అది చేవ జోలికి పెద్దగా పోదు, బెరడు వైపుండే తెల్లచెక్కను తింటుంది. కర్పూరం ఉండలు, వేపాకు లోపలున్న పురుగును చంపలేవు. చెక్కకు వాడే పురుగుమందును సిరంజితో ఒక్కొక్క రంధ్రంలోకి ఎక్కించి, రంధ్రాన్ని మైనంతో మూసేయండి. పాలూ పెరుగూ మళ్ళీ అందులో పెట్టాలనే ఆలోచన ఉంటే మానుకోండి. పుస్తకాలకో, పింగాణీకో వాడుకోండి.

కాళ్ళకు చివికినంత మేర ఏటవాలుగా కోసేసి అదే జాతి గట్టి చెక్క అతికించాలి. అడ్డంగా కోసి అతికిస్తే నిలవదు. ఏటవాలు కోత పొడవుగా ఉండాలి, కాలు మందానికి మూడు రెట్లన్నా ఉండాలి. ఈ ఒక్క పని వడ్రంగితో చేయించండి. మిగతాది మీరు చేసుకోవచ్చు. అతికిన కాలి అడుగున చెక్క కొసకు అరల్డైట్ బాగా పట్టించండి, నీరు అక్కడినుంచే ఎక్కుతుంది. ఇక నీళ్ళ గిన్నెలు వద్దు. చీమకుర్తి మీకు ఎంతో దూరం లేదు. గ్రానైట్ కోసినచోట పనికిరాని చిన్న ముక్కలు దొరుకుతాయి. నల్లటి నాలుగు ముక్కలు తెచ్చి ఒక్కో కాలి కింద ఒకటి వేయండి. ఇల్లు కడిగినా నీరు అందదు.

జాలీ తుప్పుపట్టి చిరిగి ఉంటే మార్చండి గాని, చుట్టూ కొట్టిన సన్నటి చెక్క పట్టీలను జాగ్రత్తగా ఊడదీసి అవే మళ్ళీ కొట్టండి. వాటి నగిషీ ఇప్పుడు బజార్లో దొరకదు.

ప్రశ్న: కొత్తపట్నంలో సముద్రానికి దగ్గర్లో మా ఇల్లు. పాత బీరువా బాగుచేయించి రెండేళ్ళు కాలేదు, కొత్త ఇనుప బందులు తుప్పుపట్టి రంగు మీద ఎర్ర చారలు కారుతున్నాయి.

జవాబు: ఉప్పుగాలికి ఇనుము నిలవదు అయ్యా. ఎన్ని పూతలు వేసినా మర తిప్పినచోట పూత పోతుంది, అక్కడ మొదలవుతుంది. ఇత్తడి బందులు, ఇత్తడి మరలే వేయండి. ఖరీదు ఎక్కువే, కానీ మళ్ళీ మళ్ళీ మార్చే బాధ ఉండదు. ఇత్తడి బందుకు ఇనుప మర మాత్రం వేయకండి. రెండూ కలిసినచోట తుప్పు ఇంకా తొందరగా వస్తుంది. ఇత్తడి మర మెత్తన, గట్టి టేకులో బిగిస్తే తల తెగిపోతుంది. అందుకని ముందు అదే కొలత ఇనుప మరను దించి, దారి చేసి, తీసేయండి. తర్వాత ఇత్తడి మరకు కొవ్వొత్తి రాసి చేత్తో బిగించండి. డ్రిల్ మిషన్ పెట్టకండి.

ప్రశ్న: నెల్లూరు, మూలాపేట. నవంబరులో నేనే లక్క పాలిష్ పెట్టాను. రెండో పూతకే పాలు పోసినట్టు తెల్లగా అయింది.

జవాబు: మీ చేతి లోపం కాదు, కాలం అది. మనవైపు పెద్దవానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా. స్పిరిట్ ఆవిరై పోతుంటే పలక చల్లబడి, గాలిలోని తడి దానిమీద దిగి లక్కలో చిక్కుకుంటుంది. గీకక్కర్లేదు. ఎండ బాగా ఉన్న పొడి రోజు చూసి, మెత్తని గుడ్డకు స్పిరిట్ తడీ తడవనట్టు అద్ది ఒక్క ఊపులో పైనుంచి కిందికి లాగండి. లక్క పైపొర కాస్త కరిగి, తడి బయటికి పోయి తెలుపు తగ్గుతుంది. గుడ్డ ఎక్కడా ఆగకూడదు, ఆగినచోట అంటుకుంటుంది. పాలిష్ పని సంక్రాంతి దాటాక పెట్టుకోండి. ఫిబ్రవరి, మార్చి మనకు మంచి నెలలు. మే నెల వడగాలిలో కూడా వద్దు, కుంచె నడిచేలోపే ఆరిపోయి గీతలు పడతాయి.

ఇక్కడే ఇంకో మాట. లక్క బదులు లిన్‌సీడ్ ఆయిల్ వాడేవాళ్ళు ఆ నూనె గుడ్డలను ఉండచుట్టి మూల పడేయకండి. ఆ నూనె ఆరేటప్పుడు వేడి పుడుతుంది. ఉండలోపల ఆ వేడి బయటికి పోలేక గుడ్డ తనంతట తనే అంటుకుంటుంది. మన వేసవిలో అది ఇంకా తొందరగా జరుగుతుంది. వాడిన గుడ్డను నీళ్ళలో ముంచి, ఆరుబయట విప్పి ఆరేయండి.

ప్రశ్న: ఉదయగిరి. మా పాత బీరువా పైన రెండు చెక్క గుండ్లు ఉండేవి. ఒకటి పోయింది. ఎక్కడ చేయిస్తారు?

జవాబు: మీ ఊళ్ళోనే బాబూ. చెంచాలు, గరిటెలు చేత్తో చెక్కే ఉదయగిరి పనితనానికి భౌగోళిక గుర్తింపు కూడా ఉంది. మిగిలిన గుండును పట్టుకెళ్ళి చూపించండి, ఫొటో చాలదు. మీ బీరువా చెక్క ఏదో తెలిస్తే అదే జాతి చెక్క ముక్క ఇవ్వండి. కొత్తదాన్ని పాతదానిలా కనబడేలా నల్లబరచమని అడగకండి. కొత్తదిగానే ఉండనివ్వండి, నాలుగేళ్ళలో ఛాయ కలుస్తుంది.

ప్రశ్న: సింగరాయకొండ. పాత బీరువా తలుపు వానాకాలంలో బిగుసుకుపోయి రావడం లేదు. అంచు చిత్రిక పట్టించమంటారా?

జవాబు: ఇప్పుడే వద్దు. చెక్క తేమ పీల్చుకుని అడ్డంగా ఉబ్బింది. ఇప్పుడు చిత్రిక పడితే మే నెలకు తలుపుల మధ్యన వేలు దూరేంత సందు వస్తుంది. ప్రస్తుతానికి రాసుకుంటున్న అంచుకు కొవ్వొత్తి రుద్దండి. ఫిబ్రవరి దాకా చూసి, అప్పటికీ పట్టేస్తుంటే మొదట పై బందు మరలు వదులయ్యాయేమో చూడండి. చాలాసార్లు తలుపు ఉబ్బదు, బందు జారి కిందికి దిగుతుంది. మరలు బాగానే ఉంటే తలుపుకు, చట్రానికి మధ్య కార్బన్ కాగితం పెట్టి మూసి తెరవండి. నలుపు అంటినచోట మాత్రమే, ఆ కాస్త మేరకే, చిత్రిక పట్టించండి. ఉత్త చెక్క బయటపడిన ఆ అంచుకు అదే రోజు రంగో పాలిషో పూయండి, లేకపోతే వచ్చే వానలకు తేమ మళ్ళీ అక్కడినుంచే ఎక్కుతుంది.